సరాయికి ఏటా ఒక పూత

ప్రభుత్వ కాగితాల్లో మా సరాయి ముందు కొత్త భవనమైంది, తర్వాత అక్రమ కట్టడమైంది, ఆ తర్వాత చారిత్రక కట్టడమైంది. ఇదంతా ఏడాదిన్నర లోపలే. సరాయి మాత్రం ఉన్నచోటే ఉంది, ఒక్క అంగుళం కూడా జరగలేదు. ఈ వ్యవహారంలో మొదటి కాగితం రాసిన పుణ్యాత్మురాలిని నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పుకోవలసిన బాధ్యత కూడా నామీదే ఉంది.

నాది మధిర వైపు. రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని. నర్సు ట్రైనింగ్ అయ్యాక, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు ఉద్యోగం వచ్చింది. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో బస్సు దిగి, అడవిలోకి ఏడు కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు. "సబ్‌సెంటర్‌కి పెద్ద బిల్డింగ్ ఉందమ్మా, రాతి కట్టడం, అదృష్టవంతురాలివి" అన్నాడు ఆర్డరు చేతికిచ్చిన గుమాస్తా. నేను నమ్మాను. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు, ఆఫీసు మనిషి చెప్పింది నమ్మే వయసు.

ఆ బిల్డింగే సరాయి. పూర్వం భద్రాచలంలో కల్యాణానికి కాలినడకన పోయే జనం బస చేయడానికి నిజాం కాలంలో ఎవరో కట్టించారట. ఎవరు, ఎప్పుడు అన్నది ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ముందు వరసగా అయిదు కమాన్లు, లోపల పొడవాటి వసారా, దాని వెనక నాలుగు గదులు. ఒక గది కప్పు ఎప్పుడో కూలి, అందులో సీతాఫలం చెట్టు మొలిచి కాయలు కూడా కాసేది. మిగిలిన మూడింటికీ పైన డొప్పలా వంగిన గచ్చు కప్పులు. గుమ్మం మీద సున్నంతో పోతపోసిన రెండు చిలకలు, ఎదురెదురుగా. ఒకదానికి తల లేదు. పై కిటికీలో మిగిలిన ఒకే ఒక్క ఆకుపచ్చ అద్దం ముక్కలోంచి పదకొండు గంటలకి వెలుగు వచ్చి సరిగ్గా నా టేబుల్ మీద పడేది. పసిపిల్లలకు టీకాలు వేసేటప్పుడు ఆ వెలుగును చూసి వాళ్ళు ఏడుపు మరిచిపోయేవాళ్ళు. వచ్చిన మొదటి వారం ఇదేం ఖర్మరా అని తిట్టుకున్నాను. రెండో వారానికి ఆ కట్టడం అంటే నాకు ప్రాణమైపోయింది. ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

సరాయికి ఒక అవ్వ ఉండేది. కోయవాళ్ళ మనిషి, అరవై దాటి ఉంటాయి, సన్నగా పొడుగ్గా ఉండేది. ఆమెను ఎవరూ నియమించలేదు. ఏటా శ్రీరామనవమికి పది రోజుల ముందు సరాయికి సున్నం వేయడం వాళ్ళ ఇంటి పని. వాళ్ళ అత్త వేసింది, అత్తకు అత్త వేసింది. కల్యాణానికి పోయే జనం వచ్చి పడుకుంటారు కాబట్టి వాళ్ళు వచ్చేసరికి గోడలు తెల్లగా, అడుగున జాజు పట్టీ ఎర్రగా ఉండాలి. తుమ్మబంక నానబెట్టి కలిపిన సున్నం, తాటిపీచు కుంచె, ఒక నిచ్చెన. నేను పోయేనాటికి ఆ దారిన నడిచి పోయే యాత్రికులు లేరు. అందరూ బస్సుల్లో పోయి బస్సుల్లో వచ్చేస్తున్నారు. అయినా అవ్వ సున్నం మానలేదు.

"ఎవరూ రారు కదా అవ్వా, ఎవరికోసం ఈ చాకిరీ?" అన్నాను ఒకసారి.

"వస్తే?" అన్నది అవ్వ. అంతకుమించి చెప్పడానికేం లేనట్టు మళ్ళీ కుంచె ముంచింది.

ఒక వానాకాలం, నేను చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళిన అయిదు నిమిషాల్లో, పై కప్పులోంచి గంపెడు గచ్చు ఊడి నా టేబుల్ మీద పడింది. అప్పుడే ఒక నిండు గర్భిణి ఆ టేబుల్ మీంచి దిగి ఇంటికి పోయింది. పైవాళ్ళకు రాశాను. "అయితే సబ్‌సెంటర్‌ను మెయిన్ రోడ్డు మీది ఊరికి మార్చేద్దాం" అని జవాబు వచ్చింది. ఆ జవాబు చూసి నాకు ఒళ్ళు మండింది. మార్చడం వాళ్ళకు ఒక్క సంతకం. కానీ వాగు అవతల మూడు గూడేలున్నాయి. ఆ ఆడవాళ్ళు వాగు దాటి ఈ ఊరిదాకా రావడమే కష్టం, ఇంకో ఏడు కిలోమీటర్లు నడిచి రోడ్డు మీదికి వస్తారా? రారు. వాళ్ళకు సరాయి అంటే భయం లేదు, దవాఖానా అంటే భయం. సరాయి నిలబడితేనే నేను అక్కడ ఉంటాను, నేను ఉంటేనే వాళ్ళు వస్తారు. లెక్క అంతే.

సరిగ్గా అప్పుడే కుసుమంచి వైపు పాత గుళ్ళు చూడటానికి పెద్దాఫీసు నుంచి మనుషులు వచ్చారనీ, పాత కట్టడాలను బాగుచేయించే ఆఫీసు ఒకటి ఉందనీ తెలిసింది. కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాను. నాకు వచ్చిన పెద్ద మాటలన్నీ వాడాను. శిథిలావస్థ అన్నాను, గతవైభవం అన్నాను, కన్నీరు కారుస్తున్న కమాన్లు అని కూడా రాశాను. సర్పంచ్ సంతకం పెట్టాడు. ఆయన ఆ ఊరి మనిషే, నలభై ఏళ్ళవాడు, మంచివాడు. ప్రతి కాగితాన్నీ పామును చూసినట్టు చూసేవాడు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. ఫలానా సోమవారం ఒక ఆఫీసరు పరిశీలనకు వస్తున్నాడు. నాకు కాలు నిలవలేదు. అయితే ఆ ముందు వారమంతా నాకు ఖమ్మంలో ట్రైనింగ్. పోతూ పోతూ అవ్వతో చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అవ్వా, పెద్దాఫీసరు మన సరాయి చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే బాగుచేయిస్తాడు. నేను వచ్చేలోపు కాస్త చూసుకో."

"నువ్వు నిమ్మళంగ పోయిరా నర్సమ్మా, నేను జూసుకుంట గదా" అన్నది అవ్వ.

సోమవారం ఉదయం బస్సు దిగేసరికి ఆఫీసరు జీపు కూడా అక్కడే ఆగి ఉంది. దారి చెప్పడానికి నన్ను ఎక్కించుకున్నాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన, కళ్ళద్దాలకు తాడు. దారి పొడుగునా నేను గచ్చు గురించీ పగుళ్ళ గురించీ చెప్తూనే ఉన్నాను. ఆయన చాలా బాధపడ్డాడు. మలుపు తిరిగాం.

సరాయి ధగధగా మెరిసిపోతోంది. కళ్ళు చిట్లించకుండా చూడలేకపోయాను. నాలుగు గోడలకూ రెండేసి పూతల సున్నం, నీలిమందు వేసి మరీ. అడుగున మూరెడు జాజు పట్టీ, దాని మీద తెల్లటి చుక్కలు. పగుళ్ళన్నీ ఎర్రమట్టితో పూడ్చేసి, నున్నగా మెత్తేసి, పైన సున్నం కొట్టారు. వాకిట్లో పెద్ద ముగ్గు. సీతాఫలం చెట్టున్న గదికి తడికె కట్టి దానికీ సున్నం వేశారు. చిలకలకు ఎక్కడ సంపాదించారో ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, ముక్కులకు ఎరుపు. తల లేని చిలకకు మట్టితో తల చేసి పెట్టారు. చేసినవాళ్ళకు చిలక సరిగా గుర్తు రాలేదేమో, అది కోడిలా వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆరు రోజులు ఇదే పనిలో ఉన్నారట. అతిథి వస్తుంటే ఇల్లు అలికి సున్నం వేయడం ఆ ఊరి పద్ధతి, అందులోనూ పెద్దాఫీసరు. నేను చెప్పింది కూడా అదే కదా, చూసుకో అని.

ఆఫీసరు జీపు దిగి అటూ ఇటూ చూశాడు. "పాత కట్టడం ఎక్కడమ్మా?"

"గిదే సార్" అన్నాడు సర్పంచ్, చేతులు కట్టుకుని, మురిసిపోతూ.

"అర్జీలో శిథిలావస్థలో ఉందని రాశారే?"

అవ్వ గుంపులోంచి ముందుకొచ్చింది. కొత్త చీర కట్టుకుంది, మోచేతుల దాకా సున్నం మరకలు. "శిథిలమా? మా సరాయా? ఆ మాట ఎవలు రాసిండ్రు సారూ?" అన్నది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. "ఒక్క పగులు సూపెట్టు. ఒక్కటి సూపెట్టినా నేను ఈ ఊళ్ళె ఉండ."

ఆయన పాపం నిజంగానే పగులు కోసం వెతికాడు. సరాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కడైనా ఆగి గోడ తడిమితే, అవ్వ వెనకాలే ఉండి అక్కడ తడి ఆరని సున్నం మీద పడిన ఆయన వేళ్ళ గుర్తును కొంగుతో తుడిచేసింది. ఆయన చేతికి అంటిన సున్నం కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన రెండు గ్లాసుల మజ్జిగ తాగి, కోడి తల చిలకను చాలాసేపు చూసి, నన్ను మరీ ఎక్కువసేపు చూసి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన రిపోర్టు ఒకే పేజీ. కట్టడం ఈ మధ్యనే నిర్మించినట్టుగా ఉన్నది, స్థితి చాలా బాగున్నది, అని. ఊళ్ళో దాన్ని చదివి వినిపించాను. అవ్వ అన్నది, "సూసినవా, చాలా బాగున్నదని రాసిండు." నాకు ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ రిపోర్టు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి పోయింది. రెండో టేబుల్ మనిషికి న్యాయమైన అనుమానమే వచ్చింది. అడవి అంచున అంత పెద్ద కొత్త భవనం ఎవరు కట్టారు? ఎవరి అనుమతితో? సర్పంచ్‌కు నోటీసు వచ్చింది. నిర్మాణానికి సంబంధించిన కాగితాలు తేవాలి, కట్టిన మేస్త్రీని హాజరు పరచాలి. లేకపోతే కూల్చివేత.

సర్పంచ్ నోటీసు పట్టుకుని సబ్‌సెంటర్‌కు వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. బీపీ చూశాను, నిజంగానే ఎక్కువుంది. "మేస్త్రీని తోలుకరమ్మంటుండ్రు మేడం. ఆ మేస్త్రీ బొక్కలు గూడ మిగిలినయో లేదో. యాడికెల్లి తోలుకరావాలె?" అన్నాడు. "కూలగొడితే నీ దవాఖానా రోడ్డు మీదికి పోతది. మనోళ్ళు ఒక్కలు గూడ అంతదూరం పోరు."

ఆ సంగతి నాకు తెలియదా. మళ్ళీ తనిఖీకి వస్తారని కూడా నోటీసులోనే ఉంది, నెల గడువు. ఆలోచించగా మాకు తోచిన మార్గం ఒక్కటే. సరాయిని పాతబరచాలి. చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది గానీ, ఈ ఉపాయం చెప్పింది కూడా నేనే.

సర్పంచ్ పనిలోకి దిగాడు. పేడనీళ్ళు కలిపి గోడల మీద చల్లించాడు. వసారాలో మేకలను కట్టేయించాడు. తడి కట్టెలు తెచ్చి పొగబెట్టించి కప్పులు నల్లబడేలా చేశాడు. నేను పొగలోనే దగ్గుతూ టీకాలు వేశాను. ఒకరోజు ఎక్కడి గోడలోంచో రావి మొలకను వేళ్ళతో సహా పీకి తెచ్చి, కమాను పైన ఉన్న పగుల్లో మట్టి పెట్టి నాటాడు. "పాత కట్టడమంటే దాని మీద రావి మొక్క ఉంటది మేడం. నేను కుసుమంచిల జూసిన" అన్నాడు. రోజూ పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి ఆ మొక్కకు చెంబుడు నీళ్ళు పోసేవాడు. గోడను పగలగొట్టమని మొక్కను బతిమాలే సర్పంచ్‌ను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అన్ని నీళ్ళు పోసినా అది వాడిపోయింది.

ఇదంతా పగలు. తెల్లవారుజామున అవ్వ వచ్చేది. మేకలను విప్పేసేది, పెంటికలు ఊడ్చేది, పేడనీళ్ళ చారలు కడిగి వాటి మీద సున్నం రాసేది. సాయంత్రానికి పాతబడిన సరాయి పొద్దున్నకల్లా కొత్తదైపోయేది. పది రోజులు ఇదే యుద్ధం. చివరికి సర్పంచ్ ఆమెతో మాట్లాడమని నన్ను పంపాడు. ఆమెకు సర్పంచ్ వరసకు కొడుకవుతాడు, ఆయన మాట ఆమె చెవిన పెట్టదు.

"అవ్వా, ఇది పాతదిలా కనిపించాలి. లేకపోతే కూలగొడతారు. అర్థం చేసుకో" అన్నాను.

అవ్వ కుంచె కింద పెట్టింది. "నేను గూడ ముసలిదాన్నే గదా నర్సమ్మా. ఆఫీసరొస్తుండని నన్ను మాసిన చీర కట్టుకొమ్మంటవా?"

వంగి ఆ కుంచె తీసి ఆమె చేతికిచ్చాను.

తనిఖీ రోజు వచ్చింది. వచ్చింది అదే ఆఫీసరు. పాపం, తన రిపోర్టు మీద తననే మళ్ళీ పంపారు. సరాయి అప్పుడు సగం తెల్లగా, సగం మసిగా, అక్కడక్కడా పేడ చారలతో, ఎండిన రావి పుల్లతో, కోడి తల చిలకతో ఉంది. పాతదీ కాదు, కొత్తదీ కాదు, చూడ్డానికి మనసొప్పేలా అంతకన్నా లేదు. ఆయన నిట్టూర్చాడు. "ఇది పాతదని చెప్పడానికి ఏదైనా ఆధారం ఉందా? రాత గానీ, శిలాఫలకం గానీ?" అని అడిగాడు. లేదన్నాడు సర్పంచ్. "ఆధారం లేకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదయ్యా. కూల్చమనే రాయాలి."

కూల్చడం అన్న మాట అవ్వ చెవిన పడింది. అంతవరకు ఆమెకు ఎవరు చెప్పినా ఆ మాట ఎక్కలేదు, ఆఫీసరు నోటి నుంచి వినేసరికి ఎక్కింది. గబగబా వెళ్ళి కొడవలి తెచ్చింది. అందరం రెండడుగులు వెనక్కి వేశాం, ఆఫీసరు మూడు వేశాడు. అవ్వ ఆయన వంక చూడనే లేదు. వసారాలో మూల స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని, కొడవలి మొనతో బెత్తెడంత మేర సున్నాన్ని ఏటవాలుగా కోసింది. కోసినచోట ఉల్లిపాయ కోసినట్టు పొరలు, పొరల కింద పొరలు.

"ఇగో సారూ. గిది మొన్న నీ కోసం ఏసింది" అన్నది పై పొర మీద గోరు పెట్టి. "గిది నిరుడు నవమికి. గిది అంతకుముందు యేడు." గోరు కిందికి జరుగుతోంది. "గీ ఎర్రది గోదారి ఊళ్ళ మీదికొచ్చిన యేడు. సున్నంల బురదనీళ్ళు కలిసినయి. గీ నీలంది నా పెద్ద బిడ్డ పుట్టిన యేడు, నీలిమందు చెయ్యి జారి ఎక్కువ పడ్డది." ఒకచోట గోరు ఆగింది. రెండు తెల్లటి పొరల మధ్య వెంట్రుకంత నల్లటి గీత. "గా యేడు ఏయలే. నా పెనిమిటి పోయిండు. యాత్రకొచ్చినోళ్ళ పొయ్యి పొగ గట్లనే ఉండిపోయింది." మళ్ళీ కిందికి. "గిక్కడికెల్లి మా అత్తది. ఆమె బంక ఎక్కువ కలిపేది, సూడు, ఎట్ల గట్టిగున్నదో. ఆ కిందిది ఆమె అత్తది. నేను సూడలే, మా అత్త చెప్పేది."

ఆఫీసరు ఎప్పుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడో ఎవరం చూడలేదు. జేబులోంచి భూతద్దం తీశాడు. పొరలను లెక్కపెడుతూ పుస్తకంలో రాసుకుంటున్నాడు. తప్పిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు. అన్ని పొరలూ అయ్యాక అట్టడుగున మెరుస్తూ ఒక నున్నటి గచ్చు కనబడింది. దాని మీద లేత గులాబీ రంగులో ఒక తీగ, రెండు మొగ్గలు. కట్టినవాడు గీసినవి. అవ్వ కూడా వాటిని చూడటం అదే మొదటిసారి. "అవ్, పువ్వులున్నయే" అన్నది మెల్లగా. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఈ గోడలన్నిటి కిందా ఇలాంటివి ఉండవచ్చు" అన్నాడు. "ఏటా వేసిన సున్నమే వీటిని కాపాడింది. నీ చేతులకు దండం పెట్టాలమ్మా." అవ్వ ఆ మాటను పట్టించుకోలేదు. సరాయికి చేసిన గాటును సున్నంతో పూడ్చడానికి అప్పటికే కుంచె వెతుక్కుంటోంది.

ఆరు నెలల్లో సరాయి రక్షిత కట్టడమైంది. ఊరంతా వండుకుని తిన్నాం. సర్పంచ్ నోటీసును మడిచి పొయ్యిలో వేశాడు. గోడల కింద ఉన్న తీగలన్నీ బయటికి తీస్తారట, కప్పులు డంగు సున్నంతో మళ్ళీ గట్టి చేస్తారట, కూలిన గది లేస్తుందట. నేను అందులో కాన్పుల గది ఎక్కడ పెట్టాలో మనసులో ప్లాను కూడా గీసుకున్నాను.

తర్వాత మనుషులు వచ్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటుకు తాళం వేశారు. నీలం బోర్డు పెట్టారు. ఇది రక్షిత కట్టడం, దీన్ని తాకడం, గీయడం, రంగు వేయడం, మరమ్మతు చేయడం నేరం అని దాని మీద ఉంది. రక్షిత కట్టడంలో ఆసుపత్రి ఉండకూడదు కాబట్టి నా టేబుల్‌నూ తూకం మిషన్‌నూ ట్రాక్టర్‌లో ఎక్కించి మెయిన్ రోడ్డు మీది ఊళ్ళో ఒక కిరాయి గదికి మార్చారు. ఏది జరగకూడదని నేను నాలుగు పేజీల అర్జీ రాశానో సరిగ్గా అదే జరిగింది. మొదటి నెలలో వాగు అవతలి గూడేల నుంచి ఒక్కరూ రాలేదు. నేనే సంచీ భుజాన వేసుకుని వాళ్ళ దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. వాగు పొంగినప్పుడు అదీ లేదు.

నవమి దగ్గరపడింది. అవ్వ సున్నం నానబెట్టుకుని, నిచ్చెన మోసుకుని పోతే గేటుకు తాళం ఉంది. నేను ఆఫీసరుకు ఫోన్ చేశాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఆమె వేసిన పూతలే కదండీ మీకు ఆధారం" అన్నాను.

"అందుకేనమ్మా ఇంకో పూత పడకూడదు. ఆధారం చెడిపోతుంది. మరమ్మతులకు ఫైలు పెట్టాను, పని త్వరలోనే మొదలవుతుంది" అన్నాడు.

ఆ త్వరలోనే అన్నది నేను ఆ ఊళ్ళో ఉన్నంతకాలం రాలేదు. వానాకాలం మాత్రం వచ్చింది. అవ్వ ప్రతి ఏడూ తొలకరికి ముందే కప్పు మీది పగుళ్ళు తడిమి తడిమి పూడ్చేదట. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపిన సున్నంతో. నాకు తెలియనే తెలియదు. ఆ ఏడు పూడ్చేవాళ్ళు లేరు. కంచె బయట నిలబడి చూస్తే, నా టేబుల్ ఉండే గది గోడ మీద తడి మరక వారం వారం కిందికి దిగడం కనిపించేది.

వెనక వైపు కంచె గోడకు బాగా దగ్గరగా ఉంటుంది. ఒకరోజు నేను గూడేలకు పోతూ చూస్తే, అక్కడ గోడ మీద, చెయ్యి పోయినంత మేర, పొడుగునా ఒక తెల్లటి పట్టీ. ముళ్ళతీగల మధ్య నుంచి చెయ్యి పెట్టి అవ్వ వేసింది. ఆమె మోచేయి నిండా గీరుకుపోయిన గాయాలు. మందు రాస్తూ తిట్టాను. తిట్టింది ఆమెను కాదని ఇద్దరికీ తెలుసు.

వారానికే ఆమె పేర హెచ్చరిక కాగితం వచ్చింది. రక్షిత కట్టడానికి హాని కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, ఏడు కిలోమీటర్లు నడిచి నా కిరాయి గదికి వచ్చింది. అంతదూరం ఆమె ఒంటరిగా నడిచి రావడం అదే మొదలు. నీళ్ళు తాగి, బల్ల మీద కూర్చుని, కాగితం నా ముందు పెట్టింది.

"పాతదని నువ్వే గదా రాసినవ్" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే నాకు సులువుగా ఉండేది. "ఇంకోటి రాయి. పాతది గాదు, కొత్తదే అని రాయి. కొత్తదైతే తాళం తీస్తరు గదా."

అలా కుదరదు, ఒకసారి చరిత్ర అయ్యాక వెనక్కి రాదు అని చెప్పబోయాను. ఆమె మోచేయి మీది కట్టు కనబడింది. కాగితం తీసి రాశాను. అయ్యా, ఈ సరాయి పాతది కాదు, కొత్త భవనమే, కాబట్టి రక్షణ తొలగించవలసిందిగా ప్రార్థన. ఈసారి పెద్ద మాటలు ఒక్కటీ రాయలేదు. చదివి వినిపించాను.

"ఎవలు కట్టిండ్రో రాసినవా?" అని అడిగింది. "మొన్న సర్పంచ్‌ని అదే గదా అడిగిండ్రు."

"రాయలేదు. ఎవరని రాయమంటావ్?"

"నేనే అని రాయి" అన్నది అవ్వ. "ఏటేటా నేనే గదా కడుతున్న."

ఆమె పేరు రాశాను. కింద ఆమె వేలిముద్ర వేసింది, పక్కన సాక్షిగా నేను సంతకం చేశాను.